చెమట లాగే బట్టలు: కోస్తా ఉక్కకు ఏది, మెట్ట ఎండకు ఏది

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా క్రీడా దుస్తుల దుకాణానికి వెళ్లి పరుగుకు పనికొచ్చే టీషర్టు కావాలని అడిగితే, కౌంటరు వెనక ఉన్న కుర్రవాడు నాలుగు రంగుల్లో నాలుగు చొక్కాలు పరిచి, ‘అన్నీ డ్రైఫిట్టే సార్, చెమట నిలవదు’ అంటాడు. ఆ నాలుగింటిలో ఒకటి పలుచని పాలిస్టరు కావచ్చు, ఇంకొకటి నైలానులో స్పాండెక్స్ అనే సాగే దారం కలిపినది కావచ్చు, మరొకటి పాలిస్టరూ పత్తీ కలిసిన గుడ్డ కావచ్చు. వాటి ధరల్లో తేడా ఉంటుంది గానీ, ఆ తేడా దేనికో విడమరిచి చెప్పేవారు అరుదు. కొనేవారు తమకు తామే తేల్చుకోవడానికి అవసరమైన వివరాలను ఇక్కడ చెప్పడానికి ప్రయత్నిస్తాను. నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను: చొక్కా మీద అచ్చువేసిన పేరు కన్నా, చివరికి దారం రకం కన్నా కూడా, మీరు ఎలాంటి గాలిలో చెమటోడుస్తారన్నదే ఈ ఎంపికను ఎక్కువగా నిర్ణయిస్తుంది. మైపాడు తీరంలో తెల్లవారుజామున పరుగెత్తేవారికి హాయిగా ఉన్న చొక్కా మెట్టలో కనిగిరి వైపు పట్టపగలు ఎండలో తిరిగేవారికి అంతే హాయిగా ఉంటుందని చెప్పలేము.

చెమట, బట్ట, గాలి

ఒంటిని చల్లబరిచేది చెమట కారడం కాదు, కారిన చెమట ఆవిరి కావడం. చర్మం మీద ఒక గ్రాము చెమట ఆవిరైతే సుమారు 2.4 కిలోజౌళ్ల వేడిని తనతో తీసుకుపోతుంది. అదే గ్రాము చుక్కగా నేలమీద రాలిపోతే శరీరానికి దాదాపు ఏ ప్రయోజనమూ ఉండదు. గట్టిగా శ్రమించే మనిషికి వేసవిలో గంటకు ఒక లీటరు, ఒక్కోసారి అంతకు మించి చెమట పడుతుంది కనుక, అందులో ఎంత ఆవిరైంది, ఎంత వృథాగా కారిపోయింది అన్నదే చూసుకోవలసిన లెక్క. చెమట లాగే బట్ట పని, చర్మం మీద ఒకచోట గుమిగూడిన తడిని సన్నని పోగుల మధ్య ఉండే సందుల గుండా, దీపపు వత్తి నూనెను లాగినట్టు, పైకి లాగి బయటి ముఖం మీద వెడల్పుగా పరచడం. అలా పరుచుకున్న తడికి గాలి ఎక్కువగా తగిలి అది త్వరగా ఆరుతుంది.

పీల్చుకోవడం వేరు, లాగడం వేరు. పత్తి పోగు నీటిని తన లోపలికే తీసుకుని ఉబ్బుతుంది. వస్త్ర ప్రయోగశాలల్లో 65 శాతం తేమ ఉన్న గాలిలో ఉంచి కొలిచినప్పుడు పత్తి తన పొడి బరువులో దాదాపు 8.5 శాతం తేమను పట్టి ఉంచుతుంది. కలప గుజ్జు వంటి వాటితో చేసే విస్కోసు 11 నుంచి 13 శాతం, నైలాను 4 శాతం చొప్పున పట్టి ఉంచితే, పాలిస్టరు పట్టేది 0.4 శాతం మాత్రమే, మరో కృత్రిమ దారమైన పాలీప్రొపిలీను పట్టేది దాదాపు సున్నా. పాలిస్టరు పోగు లోపల నీటికి చోటు లేదు కనుక తడి అంతా పోగుల పైపైనే, సందుల్లోనే తిరుగుతుంది. పత్తి టీషర్టు తన బరువుకు సమానమైన చెమటను సులువుగా మోయగలదు, ఆ బరువుతో ఒంటికి అతుక్కుని గాలిని అడ్డుకుంటుంది. అన్నట్టు, ఆ 65 శాతం తేమ అనేది ప్రయోగశాల గదిలో అమర్చుకున్న స్థితి. మన తీర మండలాల్లో తెల్లవారుజామున అంత పొడిగాలి తగిలిందంటే ఆ రోజు అదృష్టమే అనుకోవాలి.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. తీరంలో వేసవి ఉదయం 28 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్నాయనుకుందాం. అప్పటికే ఒక ఘనమీటరు గాలిలో సుమారు 23 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. 35 డిగ్రీల వేడితో తడిగా ఉన్న చర్మాన్ని ఆనుకుని ఉండే గాలి పొరలో గరిష్ఠంగా ఉండగలిగేది సుమారు 40 గ్రాములు. అంటే ఆవిరి ఒంటి నుంచి బయటికి పోవడానికి ఉన్న వ్యత్యాసం 17 గ్రాములు. అదే మెట్టలో మధ్యాహ్నం 40 డిగ్రీల వేడి, 25 శాతం తేమ అనుకుంటే, గాలిలో ఉండేది 13 గ్రాములే కనుక వ్యత్యాసం 27 గ్రాములు అవుతుంది. ఎండ ఎక్కువైనా అక్కడ చెమట చకచకా ఆరుతుంది. ఎండ తక్కువైనా ఇక్కడ చెమట ధారగా కారుతుంది. ఉక్కలో ఎంత ఖరీదైన చొక్కా అయినా తడిని బయటి ముఖం దాకా మోసుకురాగలదు గానీ, అక్కడి నుంచి దాన్ని తీసుకుపోవలసిన గాలి సహకరించకపోతే చేయగలిగింది ఏమీ లేదు. కాబట్టి కోస్తాలో మనం డబ్బు పెట్టవలసింది ప్రధానంగా గాలి ఆడే అల్లికకు, వదులుకు, తక్కువ బరువుకు. దారం గొప్పతనానికి ఆ తరువాత.

కోస్తా అంతా ఎప్పుడూ ఒకేలా ఉంటుందని కూడా అనుకోకూడదు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో పడమటి గాలి తోలుతున్నంతసేపు నెల్లూరు పట్టణంలోనూ పొడి ఎండే కాస్తుంది, సముద్రపు గాలి తిరిగిన తరువాత ఉక్క మొదలవుతుంది. ఒకే మనిషికి ఒకే రోజున రెండు రకాల చొక్కాలు అవసరమయ్యే ప్రాంతం ఇది.

పాలిస్టరు: పేరు ఒకటే, రకాలు అనేకం

మార్కెట్లో దొరికే క్రీడా దుస్తుల్లో అత్యధికం పాలిస్టరే. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు రూపొందించిన ఈ దారం మన దేశంలో టెరిలిన్ చొక్కాలుగా, టెరీకాటన్ ప్యాంట్లుగా ఒక తరాన్ని ఉడకబెట్టింది. అందువల్ల ఇంట్లో పెద్దవారు ఇప్పటికీ పాలిస్టరు అనగానే ముఖం చిట్లిస్తారు. వారి అనుభవం అబద్ధం కాదు. ఆనాటి గుడ్డ దగ్గరగా నేసినది, అందులో గాలి ఆడేది కాదు, దాని పోగులకు నీటిని పరిచే గుణమూ లేదు. నేటి క్రీడా పాలిస్టరులో మారింది రసాయనం కాదు, పోగు ఆకారమూ సన్నదనమూ అల్లికా.

మామూలు పాలిస్టరు పోగును అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా ఉంటుంది. 1986లో డ్యూపాంట్ కంపెనీ కూల్‌మ్యాక్స్ పేరుతో తెచ్చిన పాలిస్టరులో పోగు పొడవునా కాలువల్లాంటి గాడులు ఉంటాయి, వాటి వెంట తడి పాకుతుంది. ఇప్పుడు వేరే పేర్లతో ఇలాంటి పోగులు చాలా వస్తున్నాయి. రెండో మార్గం పోగును సన్నం చేయడం. తొమ్మిది వేల మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లని లెక్క. ఒక డెనియరు కన్నా సన్నని పోగును మైక్రోఫైబర్ అంటారు. పోగులు సన్నబడేకొద్దీ వాటి మధ్య సందులు ఇరుకై, తడిని మరింత దూరం లాగుతాయి. మూడోది అన్నిటికన్నా చవకైన మార్గం: మామూలు పాలిస్టరు గుడ్డకు నీటిని ఆకర్షించే రసాయనపు పూత పట్టించడం. చవక జెర్సీల్లో చాలావరకు ఈ రకమే. కొత్తలో అది బాగానే పనిచేస్తుంది గానీ, ఉతుకుతున్నకొద్దీ పూత తగ్గిపోయి, మొదట చుక్క పడగానే పరుచుకున్న నీరు తరువాత తామరాకు మీది బొట్టులా నిలబడుతుంది. కాలువ పోగు గుణం మాత్రం పోగు ఆకారంలోనే ఉంది కనుక అది ఉతుకులకు అంత తొందరగా లొంగదు. ఒకే రకంగా కనిపించే రెండు చొక్కాల ధరలో తేడా ఉంటే, దానికి న్యాయమైన కారణం చాలాసార్లు ఇదే.

పాలిస్టరు ఎండకు గట్టిగా నిలబడుతుంది, అతినీలలోహిత కిరణాలను అడ్డుకోవడంలో పలుచని పత్తి గుడ్డ కన్నా మెరుగు, రంగు వెలవదు, ముడత పడదు. దాని పెద్ద లోపం వాసన. 2014లో బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వ్యాయామం చేసినవారి చొక్కాలను పోల్చి చూసి, పాలిస్టరు చొక్కాలు పత్తి చొక్కాల కన్నా ఘాటుగా వాసన వేస్తున్నాయని, దుర్వాసనకు కారణమయ్యే మైక్రోకాకస్ జాతి బ్యాక్టీరియా పాలిస్టరు మీద బాగా పెరుగుతోందని ప్రకటించారు. పాలిస్టరుకు నీరు పడదు గానీ జిడ్డు బాగా పడుతుంది. ఒంటి జిడ్డు పోగుకు అంటుకుని ఉతికినా ఒక పట్టాన వదలదు. ఉతికి ఆరేసినప్పుడు ఏ వాసనా లేని చొక్కా, వేసుకుని పది నిమిషాలు నడవగానే మగ్గిన కంపు కొట్టడానికి ఇదే కారణం. వెండి అయాన్ల పూతతో వాసన రాదని చెప్పి అమ్మే చొక్కాలు ఉన్నాయి. పూత కాలక్రమంలో తగ్గేదే కనుక దానికోసం పెద్ద మొత్తం అదనంగా పెట్టవలసిన అవసరం నాకు కనిపించదు.

ప్లాస్టిక్ సీసాల నుంచి తయారైన పాలిస్టరు అని రాసి ఉన్న దుస్తులు ఇప్పుడు ఎక్కువయ్యాయి. చెమట లాగే విషయంలో దానికీ కొత్త పాలిస్టరుకూ చెప్పుకోదగిన తేడా లేదు.

నైలాను ఎక్కడ గెలుస్తుంది

నైలాను తాకితే మెత్తగా, కాస్త చల్లగా తగులుతుంది. రాపిడికి తట్టుకోవడంలో పాలిస్టరును మించినది. పాలిస్టరు కన్నా ఎక్కువ తేమను పట్టుకుంటుంది కనుక ఆరడానికి కొద్దిగా ఎక్కువ సమయం తీసుకుంటుంది, ధర కూడా ఎక్కువే. ఎండలో ఏళ్ల తరబడి వేలాడితే పసుపు బారి బలం కోల్పోతుంది. ఈ గుణాలన్నీ కలిపి చూస్తే నైలాను స్థానం పై చొక్కాలో కాదు, ఒంటిని అంటిపెట్టుకుని ఒరుసుకునే దుస్తుల్లో: లోపలి షార్టులు, లెగ్గింగులు, సైకిలు తొక్కేవారి బిగుతు నిక్కర్లు, స్పోర్ట్స్ బ్రాలు.

పొద్దున్నే మైదానానికి నడకకు వచ్చే ఆడవారిలో చాలామంది చుడీదారు టాపు కింద పత్తి, స్పాండెక్స్ కలిసిన మామూలు లెగ్గింగునే వేసుకుంటారు. అది ఇంట్లో హాయిగానే ఉంటుంది. కానీ ఉక్కలో గంటసేపు వేగంగా నడిస్తే తొడల మధ్య తడిసి, ఆ తడి ఆరక, ఒరుపుకు చర్మం ఎర్రబడి మంట పుడుతుంది. ఈ ఇబ్బంది ఉన్నవారు నైలాను 75 నుంచి 85 శాతం, మిగతాది స్పాండెక్స్ ఉన్న లెగ్గింగును తీసుకుంటే తేడా మొదటి రోజునే తెలుస్తుంది. మగవారికీ ఇదే వర్తిస్తుంది: కానిస్టేబుల్ ఎంపికల 1600 మీటర్ల పరుగుకు సాధన చేసే కుర్రవాళ్లు పై చొక్కా గురించి తెగ ఆలోచించి, లోపల పత్తి డ్రాయరుతో పరుగెత్తి, తొడలు ఒరుసుకుపోయి కాళ్లు ఎడంగా వేసి నడుస్తూ ఇంటికి వెళ్తుంటారు. బడ్జెట్టు తక్కువైతే చొక్కా మీద తగ్గించి లోపలి షార్టు మీద పెట్టాలన్నది నా సలహా.

స్పాండెక్స్ అన్నా, ఎలాస్టేన్ అన్నా, లైక్రా అన్నా ఒకే దారం; లైక్రా వ్యాపార నామం. ఇది సాగడానికే తప్ప చెమట లాగడానికి కాదు. పై చొక్కాలో ఇది 5 నుంచి 8 శాతం ఉంటే చాలు, అసలు లేకపోయినా నష్టం లేదు. సాగే గుడ్డ సహజంగానే దగ్గరగా, బరువుగా ఉండి ఒంటికి అతుక్కుంటుంది, ఉక్కలో మనకు కావలసినది దానికి సరిగ్గా వ్యతిరేకం. వేడినీళ్లు, ఇస్త్రీ, ఈత కొలనులోని క్లోరిను దీని సాగుడును చంపుతాయి.

పాలీప్రొపిలీను గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. అది నీటి మీద తేలేంత తేలిక, తేమను ముట్టనే ముట్టదు, చలి ప్రదేశాల్లో కొండలెక్కేవారికి లోపలి పొరగా చాలా మంచిది. మన వాతావరణంలో దాని అవసరం అరుదు. సుమారు 165 డిగ్రీలకే కరుగుతుంది కనుక ఇస్త్రీ పెట్టె తగిలితే ఇక ఆ బట్ట మీద ఆశ వదులుకోవాలి.

మిశ్రమాలకు మెట్టలో ఉన్న మర్యాద

క్రీడా దుస్తుల ప్రచారంలో పత్తి కలిసిన గుడ్డను తక్కువ చేసి చూపడం పరిపాటి. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపు, అంటే కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల పొడి ఎండకు ఆ మాట పూర్తిగా వర్తించదు. అక్కడ గాలి వేడి చర్మపు వేడిని మించినప్పుడు, గాలి తగిలితే చల్లదనం రావడానికి బదులు వేడి ఒంట్లోకి చేరుతుంది. చెమట పట్టడమే ఆలస్యం, ఆరిపోతుంది. చెమటను త్వరగా ఆరబెట్టే చొక్కా అక్కడ పరిష్కరించవలసిన సమస్యే పెద్దగా లేదు. అక్కడి అవసరం రెండు: చర్మాన్ని నేరుగా ఎండ తగలకుండా కప్పడం, తడిని కాసేపు నిలిపి నెమ్మదిగా ఆరనివ్వడం. పాలిస్టరు 60 లేదా 65 శాతం, పత్తి మిగతాది ఉన్న పలుచని, వదులైన, పూర్తి చేతుల చొక్కా ఈ రెండు పనులూ చేస్తుంది. తలకు తడి తుండు చుట్టుకుని పొలానికి వెళ్లే రైతు అనుసరిస్తున్న సూత్రమూ ఇదే. అయితే గంటల తరబడి పరుగెత్తేవారు ఈ మిశ్రమాన్ని ఎంచుకోకూడదు. నడక, పొలం పని, సర్వే పని, రోజంతా నిలబడి చేసే అంపైరింగు వంటి మధ్యస్థ శ్రమకే ఇది తగినది.

వెదురు గుడ్డ పేరుతో అమ్మేది దాదాపు ఎప్పుడూ వెదురు గుజ్జుతో చేసిన విస్కోసే. మెత్తగా, చల్లగా ఉంటుంది, నీటిని బాగా పీలుస్తుంది, నెమ్మదిగా ఆరుతుంది. పడుకోవడానికి ఇంతకన్నా మంచి బనియను లేదు. పరుగుకు మాత్రం వద్దు.

దారం తరువాత అల్లిక, బరువు, రంగు

ఒకే పాలిస్టరు దారాన్ని వల అల్లికలో అల్లితే ఒక ఫలితం, దట్టమైన ఇంటర్‌లాక్‌లో అల్లితే మరో ఫలితం వస్తుంది. దుకాణాల్లో డాట్‌నిట్ అనే పేరుతో వచ్చే చుక్కల అల్లిక, తేనెతుట్టె గదుల్లాంటి హనీకూంబ్ అల్లిక, చిన్న రంధ్రాల మెష్, ఇవన్నీ గాలి ఆడే రకాలు. గుడ్డను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే సన్నని రంధ్రాలు కనిపించాలి, నోటి దగ్గర పెట్టుకుని ఊదితే అవతల చేతికి ఊపిరి తగలాలి. ఒక చదరపు మీటరు గుడ్డ బరువును జీఎస్‌ఎం అంటారు. తీరంలో పరుగుకు 110 నుంచి 140 జీఎస్‌ఎం మధ్య ఉన్నది మంచిది. 180 దాటిన గుడ్డ ట్రాక్ ప్యాంటుకు పనికొస్తుంది గానీ మే నెలలో చొక్కాకు పనికిరాదు. వలలా మరీ పలుచగా ఉన్న గుడ్డ పట్టపగలు ఎండను లోపలికి రానిస్తుంది కనుక, మైదానంలో రోజంతా క్రికెట్ ఆడేవారు వీపుకు మాత్రమే మెష్ ఉండి, భుజాలకు దట్టమైన అల్లిక ఉన్న చొక్కాను వెతుక్కోవడం మేలు.

వదులు గురించి ఒక మాట. ఒంటికి అతుక్కున్న బిగుతు చొక్కా తడిని బాగా లాగుతుందన్నది నిజమే, ఎందుకంటే బట్ట చర్మాన్ని తాకకపోతే లాగలేదు. అయితే కదిలినప్పుడల్లా చొక్కా లోపలి గాలి మారడం వల్ల కలిగే మేలు ఉక్కలో అంతకన్నా పెద్దది. భుజాల దగ్గర సరిపోయి, పొట్ట దగ్గర నాలుగు వేళ్లు వదులుగా ఉండే కొలత నాకు సరైనదిగా తోస్తుంది. రంగుల్లో లేతవి ఎండకు మంచివి. లేత బూడిద రంగు మాత్రం చెమట మరకను ఊరంతా చూపిస్తుంది.

ఎవరికి ఏది

తీర మండలాల్లో ఉదయం, సాయంత్రం పరుగెత్తేవారికి 120 జీఎస్‌ఎం చుట్టుపక్కల ఉన్న నూటికి నూరు శాతం పాలిస్టరు, వీలైతే కాలువ పోగు లేదా మైక్రోఫైబర్, మెష్ అల్లికలో తీసుకోవడం నిశ్చింత. గదిలో షటిల్ ఆడేవారికి ఎండ బెడద లేదు, గాలి ఆడని ఇబ్బంది ఉంది. వారికి ఇంకా పలుచనిది, చేతుల్లేనిది కూడా సరే. మట్టి మైదానంలో కబడ్డీ ఆడేవారు పలుచని మెష్ జోలికి పోకూడదు, ఒక్క పట్టుకు అది చినిగిపోతుంది. వారికి ఇంటర్‌లాక్ పాలిస్టరు లేదా నైలాను మిశ్రమం మంచిది, కాస్త ఉక్క భరించక తప్పదు. రొయ్యల గుంటల దగ్గర పనిచేసేవారికి సగం కాలం బట్టలు తడిగానే ఉంటాయి. పలుచని పాలిస్టరు ట్రాక్ ప్యాంటు, పూర్తి చేతుల చొక్కా వేసుకుంటే నీళ్లలోంచి గట్టుకు ఎక్కిన కాసేపటికి ఆరిపోతాయి, ఎండ నుంచి చేతులకూ రక్షణ ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టి, దండెం మీద పత్తి బట్టలు రెండు రోజులైనా ఆరని మన ప్రాంతంలో, పిండి వేలాడదీస్తే తెల్లారేసరికి ఆరే గుణం ఒక్కటే పాలిస్టరు కొనడానికి తగిన కారణం.

కొందరు మాత్రం ఈ బట్టలకు దూరంగా ఉండాలి. వెల్డింగు చేసేవారు, హోటల్ వంటశాలలో పొయ్యిల దగ్గర నిలబడేవారు, దీపావళికి బాణసంచా కాల్చే పిల్లలు పాలిస్టరు గానీ నైలాను గానీ వేసుకోకూడదు. అవి అంటుకుంటే కరిగి చర్మానికి అతుక్కుంటాయి. అక్కడ పత్తి తప్ప మరో మాట లేదు.

కొనే ముందు, కొన్న తరువాత

పక్క కుట్టు లోపలి చీటీ చదవడం మొదటి పని. దారాల శాతాలు రాసి లేని చొక్కాకు ఎక్కువ ధర ఇవ్వకూడదు. ఇంటికి తెచ్చాక రెండు చిన్న పరీక్షలు చేయవచ్చు. బట్టను గిన్నె మూతి మీద పరిచి ఒక చుక్క నీరు వేయాలి. రెండు మూడు సెకన్లలో చుక్క కనిపించకుండా పరుచుకుంటే గుడ్డ మంచిది, బొట్టుగా నిలబడితే అది పేరుకే చెమట లాగే బట్ట. రెండోది, చొక్కా అంచును రెండు వేళ్ల లోతున నీళ్లలో ముంచి వేలాడదీసి, పది నిమిషాల్లో తడి ఎంత ఎత్తుకు పాకిందో చూడాలి. ఈ రెండు పరీక్షలనూ కొత్తలో ఒకసారి, అయిదారు ఉతుకుల తరువాత మరోసారి చేస్తే పూత బండారం బయటపడుతుంది.

ఉతకడంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఉంది. తీరం వెంట, మెట్టలోనూ, చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా, కఠినంగా ఉంటాయి. ఆ నీళ్లలో బట్టల సబ్బు బిళ్ల రుద్దితే నీటిలోని కాల్షియంతో సబ్బు కలిసి తెల్లని మడ్డిగా పోగుల సందుల్లో పేరుకుంటుంది, చెమట లాగే దారులు మూసుకుపోతాయి. కాబట్టి బిళ్లకు బదులు డిటర్జెంటు పొడి లేదా ద్రవం కొద్దిగా వాడి, ఎక్కువసార్లు జాడించాలి. బట్టలు మెత్తబడి సువాసన రావడానికి చివర్లో వేసే కండిషనరు ఈ బట్టలకు సబ్బు మడ్డి కన్నా హానికరం. అది పోగు మీద జిడ్డు పొరలా నిలిచి నీటిని దగ్గరకు రానివ్వదు. వాసన పట్టిన చొక్కాను తెల్ల వెనిగరు కలిపిన నీళ్లలో అరగంట నానబెట్టి, తిరగేసి ఉతికితే చాలావరకు కోలుకుంటుంది. తడి చొక్కాను సంచిలో కుక్కి బండి డిక్కీలో మరిచిపోకపోవడం అన్నిటికన్నా ముఖ్యం. ఆరేయడం నీడలో, ఇస్త్రీ చేయకుండా.

జట్టు మొత్తానికి జెర్సీలు కుట్టించేవారు గుడ్డతో పాటు అచ్చు విషయం కూడా అడిగి తెలుసుకోవాలి. చెమట అధికంగా పట్టేది వీపు మధ్యన, మనం పెద్ద అంకె అతికించేదీ సరిగ్గా అక్కడే. రబ్బరు అచ్చు లేదా వేడితో అతికించే స్టిక్కరు అంకె వేస్తే, అంత మేర గుడ్డ గాలి ఆడని ప్లాస్టిక్ పట్టీ అవుతుంది. సబ్లిమేషన్ పద్ధతిలో సుమారు 200 డిగ్రీల వేడి దగ్గర రంగు ఆవిరిగా మారి పోగు లోపలికే చేరుతుంది, రంధ్రాలు మూసుకుపోవు, ఉతికినా పెచ్చులూడదు. ఈ పద్ధతి పాలిస్టరు మీదే సరిగ్గా పట్టుతుంది, పత్తి మీద నిలవదు, అందువల్ల అచ్చు వేసేవారు మిశ్రమ గుడ్డను చూపి ఇదీ ఒకటే అంటే ఒప్పుకోకూడదు. సంక్రాంతి పోటీలకు ఇరవై జెర్సీలు కావాలంటే నెల ముందే ఒక్క జెర్సీని నమూనాగా కుట్టించుకుని, ఇంట్లో మన నీళ్లతోనే నాలుగైదు సార్లు ఉతికి, చుక్క నీరు వేసి చూసి, ఒక సాయంత్రం దాన్ని వేసుకుని ఆడి, ఆ తరువాతే మిగతా వాటికి బయానా ఇవ్వాలి.